నీళ్లంటే బెదిరే పిల్లికి స్నానం చేయించడం ఎలా

చాలా పిల్లులకు పైబొచ్చు కింద మెత్తటి లోపలి బొచ్చు పొర ఉంటుంది. తడిస్తే అది నీళ్లు పట్టేసుకుని బరువెక్కుతుంది, ఓ పట్టాన ఆరదు, ఒళ్లు చల్లబడుతుంది. పైగా టబ్బులో కాళ్లు జారతాయి, పారిపోయే దారి ఉండదు. అందుకే ముందు జారుడు సంగతి చూడండి: అడుగున మందపాటి తువ్వాలు పరవండి.

నిజానికి చాలా పిల్లులకు స్నానమే అక్కర్లేదు. ఒంటికి జిడ్డు అంటినప్పుడో, పశువైద్యులు చెప్పినప్పుడో చాలు.

గోళ్లు కత్తిరించి, చిక్కులు ముందే దువ్వండి. తడిస్తే అవి ఇంకా బిగుసుకుంటాయి. నీళ్లు 37–38 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 8 సెంటీమీటర్ల లోతు మించకుండా ఉండాలి. కుళాయి చప్పుడుకే బెదిరిపోతాయి కాబట్టి పిల్లిని తెచ్చేలోపే నీళ్లు పట్టి కుళాయి కట్టేయండి. మగ్గుతో మెడ దగ్గర్నుంచి తోకవైపు మెల్లగా పోయండి. ముఖానికి తడిగుడ్డ చాలు.

షాంపూ పిల్లుల కోసం చేసిందే వాడాలి. కుక్కల గోమారి మందు షాంపూలు కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు పిల్లి ప్రాణం తీయగలదు. నురగ మిగిలితే నాకి మింగేస్తుంది. బొచ్చు వేళ్లకు జారుడుగా తగలడం పూర్తిగా పోయేదాకా కడగండి.

నోరు తెరిచి రొప్పుతుంటే వెంటనే ఆపేయండి. తర్వాత రుద్దకుండా తువ్వాలుతో అద్ది, పూర్తిగా ఆరేదాకా వెచ్చటి గదిలో ఉంచండి.