పాత సిస్టమ్‌లో విండోస్ 11 ఎక్కింది, మర్నాడు బూట్ కావడం లేదు: సమస్య - పరిష్కారం

రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేయడం, బూట్ మెనూ తెరవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. డేటా ముందే వేరే చోట కాపీ చేసుకుని మొదలుపెట్టండి.

"ఈ పీసీలో విండోస్ 11 నడవదు" అని వస్తే

ఇది టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెట్టింగ్), 4 జీబీ ర్యామ్ ఉన్నాయా అనే తనిఖీ. పెన్‌డ్రైవ్ చేసేటప్పుడు ఈ మూడింటినీ తీసేసే ఆప్షన్‌ను రూఫస్ అడుగుతుంది, అక్కడ టిక్ పెట్టండి. మర్చిపోతే ఇన్‌స్టాలర్‌లో షిఫ్ట్, ఎఫ్10 నొక్కి రిజిస్ట్రీలోంచి కూడా చేయొచ్చు కానీ, పెన్‌డ్రైవ్ మళ్లీ చేసుకోవడమే సుఖం.

"ఈ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయలేం" అంటే

బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది. ఒకదాని ముందు యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉంటుంది, రెండోదాని ముందు ఉండదు. యూఈఎఫ్ఐ ఉన్నదే ఎంచుకోండి, డిస్క్ జీపీటీలో (యూఈఎఫ్ఐకి కావాల్సిన పార్టిషన్ పద్ధతి) ఉండాలి. జీపీటీకి మార్చడం కోసం డిస్క్‌పార్ట్ అనే విండోస్ కమాండ్ టూల్‌లో 'క్లీన్' కొడితే ఆ డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది. కొట్టే ముందు డిస్క్ నంబర్, సైజు రెండూ సరిచూసుకోండి.

ఇన్‌స్టాల్ బాగానే అయింది, మర్నాడు "బూట్ డివైస్ లేదు" అంటోంది

అందరూ తడబడేది ఇక్కడే. హార్డ్ డిస్క్ పోయిందని ఒకరు, సపోర్ట్ లేని సిస్టమ్‌లో వేస్తే ఇంతేనని ఇంకొకరు అంటారు. నేనూ అలాగే అనుకుని ఒక సిస్టమ్‌లో మూడుసార్లు విండోస్ వేశాను. వేసిన ప్రతిసారీ సాయంత్రం దాకా చక్కగా నడిచేది, పొద్దున్నే నల్ల స్క్రీన్. చివరికి ఎస్‌ఎస్‌డీ మార్చినా అదే తీరు. నాలుగోసారి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్‌లు) వెళ్లినప్పుడు మూలన ఉన్న తేదీ మీద కన్ను పడింది. ఎప్పటిదో పాత సంవత్సరం, జనవరి 1.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే, గడియారాన్నీ బయోస్ సెట్టింగ్‌లనూ నిలిపే సీమాస్ బ్యాటరీ (సెల్) అయిపోయింది. అది అయిపోతే గడియారం ఒక్కటే ఆగిపోదు, చాలా పాత బోర్డుల్లో బయోస్ సెట్టింగ్‌లన్నీ మొదటికొస్తాయి. మీరు పెట్టిన యూఈఎఫ్ఐ కాస్తా లెగసీకి (పాత బూట్ పద్ధతి) తిరుగుతుంది. జీపీటీ డిస్క్‌లో ఉన్న విండోస్ దానికి కనిపించదు. సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకో రెయిడ్‌కో మారితే నీలి స్క్రీన్ వస్తుంది. విండోస్ మాత్రం డిస్క్‌లో భద్రంగానే ఉంటుంది.

మరి ఇన్‌స్టాల్ మధ్యలో అన్నిసార్లు రీస్టార్ట్ అయినప్పుడు ఎందుకు బాగుంది? ప్లగ్‌లో కరెంట్ ఉన్నంతసేపూ, సిస్టమ్ ఆపేసినా, బోర్డుకు కొద్దిగా పవర్ అందుతూనే ఉంటుంది. సెల్ చచ్చినా ఆ పవర్‌తో సెట్టింగ్‌లు నిలుస్తాయి. రాత్రి గోడ స్విచ్ ఆపేస్తేనే అవి పోతాయి. అందుకే రీస్టార్ట్ చేసి చూస్తే దీని జాడ దొరకదు.

అందుకని విండోస్ వేయడానికి ముందే బయోస్‌లో సరైన తేదీ పెట్టి, సేవ్ చేసి, ప్లగ్ పీకి రాత్రంతా వదిలేయండి. పొద్దున తేదీ తప్పితే సెల్ మార్చండి. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా సీఆర్2032 ఉంటుంది. మల్టీమీటర్ ఉంటే చూడండి: కొత్తది 3 వోల్టులు దాటి చూపిస్తుంది, 2.7 కంటే తగ్గితే ఇక దాన్ని నమ్మొద్దు. ప్లగ్ తీసే మార్చాలి. పక్కనున్న క్లిప్‌ను మెల్లగా నొక్కితే సెల్ పైకి లేస్తుంది, అక్షరాలున్న వైపు పైకి వచ్చేలా కొత్తది పెట్టండి. ల్యాప్‌టాప్‌లలో ఇదే సెల్ చిన్న వైర్లతో ఉండొచ్చు. అక్కడ పెద్ద బ్యాటరీ కూడా పాడైనప్పుడే ఈ గొడవ బయటపడుతుంది.

సెల్ మార్చాక యూఈఎఫ్ఐ, ఏహెచ్‌సీఐ మళ్లీ పెట్టండి. ఆ విండోసే లేస్తుంది, ఇంకోసారి వేయక్కర్లేదు. తేదీ తప్పుగా ఉన్నన్నాళ్లూ వెబ్‌సైట్లు సర్టిఫికెట్ ఎర్రర్ చూపించడం, అప్‌డేట్లు ఆగిపోవడం కూడా దీనివల్లే కావచ్చు. దయచేసి డ్రైవర్లు మార్చే ముందు ఆ తేదీ ఒక్కసారి చూడండి.

లోగో దగ్గరే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే

కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్ కాలం ప్రాసెసర్ అయితే విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి దారి మూసుకుపోయింది. ఎస్‌ఎస్‌ఈ4.2, పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్లు ఉండి తీరాలి, ప్రాసెసర్‌లోనే లేనివాటిని ఏ రిజిస్ట్రీ మార్పూ తెచ్చిపెట్టదు. ఇంటెల్‌లో 2008 చివర్లో వచ్చిన మొదటి తరం కోర్ ఐ7 నుంచి అవి ఉన్నాయి. అంతకంటే పాతదైతే లినక్స్ మింట్ లాంటిది వేయండి.

వైఫై కనిపించకపోతే

ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను సిస్టమ్‌కు ఇచ్చే ఆప్షన్) ఆన్ చేయండి. నెట్ వచ్చాక వైఫై డ్రైవర్ చాలావరకు దానంతటదే దిగుతుంది.

ర్యామ్ లోపం, కేబుల్ వదులవడం కూడా ఉంటాయి కానీ తక్కువ. పై తనిఖీలన్నీ అయ్యాకే అటు వెళ్లండి.