ఇద్దరికి యూరప్ కారు ప్రయాణం: ముందే తేల్చుకోవలసినవి, దారికి వదిలేయవలసినవి

అప్పటికప్పుడు అనుకుని యూరప్‌లో కారేసుకుని తిరగడం బాగా డబ్బున్నవాళ్లకే సాధ్యమని చాలామంది అనుకుంటారు. మ్యూనిక్‌లో ఒక్క జీతం మీద కాపురం చేస్తున్న మేమిద్దరం సెప్టెంబరులో ఒక గురువారం రాత్రి భోజనాల దగ్గర అనుకుని, శుక్రవారం సాయంత్రానికి అద్దెకారు తీసుకుని, ఆస్ట్రియా, స్లొవేనియా, ఇటలీ మీదుగా తొమ్మిది రోజులు తిరిగి వచ్చాం. ఖర్చుల్లో కొన్ని ఆలస్యమైన కొద్దీ పెరుగుతాయి, లేదా జరిమానాగా మారతాయి. మరికొన్ని చివరి నిమిషం దాకా ఆగినా పెరగవు. మొదటి రకాన్ని ఇల్లు కదలకముందే తేల్చుకుని, రెండో రకాన్ని ధైర్యంగా దారికి వదిలేస్తే జేబుకూ మనసుకూ భారం ఉండదు.

ముందే తేల్చుకోవలసిన వాటిలో మొదటిది కాగితాల సంగతి. జర్మనీ వంటి షెంగెన్ దేశంలో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి ఇది) నివాస అనుమతి ఉన్నవారు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు మిగతా షెంగెన్ దేశాల్లో వీసా లేకుండా తిరగవచ్చు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చే దంపతులకు ఆ వెసులుబాటు లేదు. పెద్దవారికి ఒక్కొక్కరికి 90 యూరోల వీసా రుసుము, కనీసం 30,000 యూరోల వైద్యబీమా, ఎక్కడెక్కడ ఉంటారో చూపే ప్రణాళిక తప్పనిసరి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టుకోవాలి కాబట్టి, ఆ దేశంలోని రాత్రులను మాత్రం మార్చకుండా ఉంచుకుని, మిగిలిన రోజులకు డబ్బు పోకుండా రద్దు చేసుకోగల గదులను తీసుకోవడం మంచిది. బ్రిటన్, ఐర్లాండ్ ఈ వీసా కిందికి రావని మరిచిపోకండి.

లైసెన్సు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. పర్యటనకు వచ్చేవారు మన రవాణా కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను అసలు లైసెన్సుతో కలిపి దగ్గర ఉంచుకోవాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే ప్రయోజనం లేదు. జర్మనీలో కాపురం పెట్టినవారికి మన లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది, ఆ తర్వాత జర్మన్ లైసెన్సు తీసుకోవలసిందే.

అద్దెకారు ఎంత చిన్నదైతే అంత మేలు, ఎందుకంటే పాత ఊళ్ల సందుల్లో పెద్ద కారు తిప్పడమే ఒక శిక్ష. గేర్లు మనమే మార్చుకునే కారు ఆటోమేటిక్ కంటే చాలాచోట్ల చవక. తీసుకున్న ఊళ్లోనే తిరిగి అప్పగిస్తే వేరే ఊళ్లో వదిలినందుకు వేసే అదనపు రుసుము ఉండదు కాబట్టి, దారిని ఒక చుట్టులా వేసుకోవాలి. డిపాజిట్ కోసం డ్రైవరు పేరిట ఉన్న క్రెడిట్ కార్డు అడగడం మామూలు. మనవాళ్లు ఎక్కువగా తెచ్చుకునే ఫారెక్స్ కార్డును చాలాచోట్ల దీనికి ఒప్పుకోరు. ఏయే దేశాల్లోకి తీసుకువెళ్లవచ్చో ఒప్పందంలో రాసి ఉందో లేదో చదవండి. తాళం చేతికి రాగానే నాలుగు వైపులా, చక్రాల అంచులు, ముందు అద్దం, ఇంధనం ముల్లు ఫొటోలు తీసుకోండి.

అసలు తేడా వచ్చేది టోల్ దగ్గరే. జర్మనీలో కార్లకు రహదారి రుసుము లేదు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, స్లొవేనియా దేశాల్లో విన్యెట్, అంటే ఇన్ని రోజులకని ముందే కొనే రహదారి రుసుము చీటీ, కొనాలి; ఇటలీ, ఫ్రాన్స్, క్రొయేషియాల్లో చాలావరకు వెళ్లిన దూరాన్ని బట్టి టోల్ గేటు దగ్గర కడతాం. ఆస్ట్రియాకు ఒక్కరోజుది, పది రోజులది దొరుకుతుంది, స్లొవేనియాకు వారానిది ఉంటుంది, స్విట్జర్లాండ్‌లో మాత్రం 40 ఫ్రాంకుల వార్షిక విన్యెట్ తప్ప మరోటి లేదు. అందుకే రెండు రోజుల కోసం ఆ దేశంలోకి కారు తిప్పడం నాకు సమంజసంగా అనిపించదు. డిజిటల్ విన్యెట్ కారు నంబరుతో ముడిపడి ఉంటుంది కాబట్టి, అద్దెకారు చేతికి వచ్చాక, సరిహద్దు దాటకముందు, ఆ దేశపు రహదారి సంస్థ సొంత వెబ్‌సైటులోనే కొనండి. మధ్యవర్తుల సైట్లు పైన మరికొంత వేసుకుంటాయి.

విన్యెట్ ఉన్నా కొన్ని సొరంగాలకు, కనుమలకు విడిగా కట్టాలి. సాల్జ్‌బర్గ్ నుంచి దక్షిణానికి వెళ్లే తావెర్న్ మార్గం, స్లొవేనియాలోకి వెళ్లే కరవాంకెన్ సొరంగం, ఆస్ట్రియా నుంచి ఇటలీ వైపు వెళ్లే బ్రెన్నర్ మార్గం అటువంటివి. మేము తావెర్న్ రుసుము కట్టాం, ఎందుకంటే చీకటి పడ్డాక తెలియని కొండదారిలో మావారిని నడపమనడం నాకిష్టం లేకపోయింది. మర్నాడు మాత్రం విల్లాఖ్ దగ్గర రహదారి దిగి, వుర్జెన్ కనుమ మీదుగా స్లొవేనియాలోని క్రాన్స్కా గోరాకు చేరాం. స్లొవేనియా విన్యెట్ మోటారు మార్గాలకూ ఎక్స్‌ప్రెస్ మార్గాలకూ మాత్రమే వర్తిస్తుంది. మామూలు రోడ్ల మీదే సాగితే అసలు కొననవసరం లేదు. అలా సొరంగం రుసుము, విన్యెట్ డబ్బులు రెండూ మిగిలాయి. వుర్జెన్ దారి చాలా నిటారుగా ఉంటుంది, దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచక చిన్న గేరులో దిగాలి.

ఆ మామూలు దారే మమ్మల్ని వర్షిచ్ కనుమకు తీసుకువెళ్లింది. 1,611 మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగే ఆ రోడ్డులో 50 గట్టి మలుపులున్నాయి, ప్రతి మలుపు దగ్గరా దాని సంఖ్య రాసిన పలక కనిపిస్తుంది. క్రాన్స్కా గోరా వైపు మలుపుల్లో తారుకు బదులు రాళ్లు పరిచి ఉంటాయి, చక్రం వాటి మీదికి ఎక్కగానే కారంతా సన్నగా అదురుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యన్ యుద్ధఖైదీల చేత వేయించిన దారి ఇది. 1916లో మంచుచరియ విరిగిపడి చనిపోయినవారి జ్ఞాపకంగా దారి పక్కన చెక్కతో కట్టిన చిన్న రష్యన్ ప్రార్థనాలయం ఉంది. అక్కడ కారు ఆపి పది నిమిషాలు నిలబడ్డాం, ఇద్దరికీ మాట రాలేదు. అవతలి వైపు దిగితే సోచా నది పచ్చల రంగులో పారుతూ కనిపిస్తుంది. ఇదంతా చూడటానికి ఒక్క యూరో టికెట్టు లేదు. చలికాలంలో మంచుకు ఈ దారి మూసేస్తారు.

దారికి వదిలేయవలసిన వాటిలో ముఖ్యమైనది రాత్రి బస. జూలై, ఆగస్టు నెలల్లో, ముఖ్యంగా ఇటలీ అంతా సెలవు పెట్టే ఆగస్టు 15 చుట్టుపక్కల, ఈ పద్ధతి పనికిరాదు. మే, జూన్ మొదటి సగం, సెప్టెంబరు అనువైన కాలం. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళ ఆ రాత్రికి ఎక్కడ ఆగాలో చూసుకుని, పెద్ద ఊరికి ఇరవై ముప్పై కిలోమీటర్ల ఇవతలి పల్లెలో వెతకండి. ఆస్ట్రియాలో ఇంటి ముందు ‘జిమ్మర్ ఫ్రై’ అనీ, స్లొవేనియా, క్రొయేషియాల్లో ‘సోబె’ అనీ బోర్డు ఉంటే గదులు అద్దెకిస్తారని అర్థం. ఒకే చోట రెండు రాత్రులు ఉంటామంటే ధర తగ్గించే ఇళ్లు దొరుకుతాయి, ఆ మధ్య రోజు ఇంధనమూ మిగులుతుంది. గది ధర కాక మనిషికింత అని పర్యాటక పన్ను ఉంటుంది, ముందే అడగండి. కారులో పడుకుని గడిపేద్దామనుకోకండి. కనిపించిన చోటల్లా రాత్రి మకాం పెట్టడం స్లొవేనియా, క్రొయేషియాల్లో నిషేధం.

వంటగది ఉన్న గదికి పది యూరోలు ఎక్కువైనా ఇవ్వండి, ఇద్దరి ఒక్కపూట హోటలు భోజనంలోనే అది తిరిగి వస్తుంది. మేము చిన్న రైస్ కుక్కరు, కందిపొడి, గోంగూర పచ్చడి సీసా వెంట తీసుకువెళ్లాం; పెరుగు, కూరగాయలు ఎక్కడికక్కడ సూపర్‌మార్కెట్లో కొన్నాం. సోచా లోయలో మేము బస చేసిన ఇంటి పెరట్లో, నది హోరు వింటూ తిన్న పెరుగన్నం రుచి నాకింకా నాలుక మీదే ఉంది. ఇండియా నుంచి వచ్చేవారు నెయ్యి, పాల పదార్థాలు, మాంసం పచ్చళ్లు తేకూడదు, యూరోపియన్ యూనియన్‌లోకి అవి నిషిద్ధం. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసి ఉంటాయి కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోండి. ఈ దేశాల్లో కుళాయి నీళ్లు తాగవచ్చు, సీసాల నీళ్లకు డబ్బు పోయనవసరం లేదు.

ఇంధనం దగ్గర పేర్లు చూసి పొరబడకండి. ఇటలీలో ‘బెంజినా’ అంటే పెట్రోలు, ‘గసోలియో’ అంటే డీజిలు. యూరప్ అంతటా పంపు మీద వలయంలో ఈ5, ఈ10 అని ఉంటే పెట్రోలు, చతురస్రంలో బీ7 అని ఉంటే డీజిలు. ఇంధనం మూత లోపలి వైపు గుర్తుతో దాన్ని సరిపోల్చుకుంటే చాలు. మోటారు మార్గం మీది బంకుల కంటే ఊళ్లోని సూపర్‌మార్కెట్ బంకులు చవక. ఇటలీలో మనమే పోసుకునే ‘ఫై ద తే’ పంపు దగ్గర ఆపుకోవాలి, మనిషి వచ్చి పోసే పంపులో ధర ఎక్కువ. ఆస్ట్రియాలో బంకులవాళ్లు ధర పెంచితే మధ్యాహ్నం 12 గంటలకే పెంచాలన్న నిబంధన ఉంది, కనుక పన్నెండు కొట్టకముందే నింపుకోండి. కార్డు మిషను రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే యూరోలే ఎంచుకోండి.

ఇటలీలో పాత పట్టణాల నడిబొడ్డున ‘జెడ్ టీ ఎల్’ అనే నియంత్రిత ప్రాంతాలుంటాయి. తెల్లటి పలక మీద ఎర్రటి వలయం కనిపిస్తే, అనుమతి లేని కారు ఆ వేళల్లో లోపలికి వెళ్లకూడదు. కెమెరా నంబరు పట్టేస్తుంది. ఉత్తర ఇటలీలోని ఒక ఊళ్లో ఫోను చూపిన దారినే నమ్మి మేము లోపలికి వెళ్లిపోయాం, నెలల తర్వాత జరిమానా, దానితోపాటు అద్దె సంస్థ వేసిన రుసుము ఇంటికి వచ్చాయి. అప్పటివరకు పొదుపు చేసినదంతా అక్కడే పోయిందని ఇద్దరం చాలా బాధపడ్డాం. కారును ఊరి బయట ఆపి నడిచి వెళ్లడం ఒక్కటే దారి. గీతలు తెల్లవైతే సాధారణంగా ఉచితం, నీలివైతే డబ్బు కట్టాలి, పసుపువైతే అక్కడివాళ్లకు కేటాయించినవి. వెనిస్ వెళ్లేవారు మెస్త్రెలో కారు పెట్టి రైలెక్కితే పది పన్నెండు నిమిషాల్లో చేరతారు.

కారు అప్పగించే రోజు దగ్గరలోని బంకులో ట్యాంకు నింపి, ఆ రసీదు ఉంచుకుని, మొదటి రోజులాగే మళ్లీ నాలుగు వైపులా ఫొటోలు తీయండి. కార్యాలయం మూసేశాక తాళం పెట్టెలో వేసి రావడం కంటే, మనిషి ఉన్న వేళకు వెళ్లి కారు చూపించి సంతకం తీసుకోవడం మంచిది. ఆ కాగితాలన్నిటినీ కనీసం ఒక ఏడాది పాటు దాచి ఉంచండి.