ఈదురుగాలుల కాలంలో ట్రాక్షన్ కైట్: దించడం, చుట్టడం, దాచడం

ఏప్రిల్ వచ్చిందంటే వరంగల్ చుట్టుపక్కల సాయంత్రాలను నమ్మడానికి లేదు. నాలుగింటిదాకా ఆకు కదలదు. ఐదయ్యేసరికి ఆకాశం ఒక మూల నల్లబడుతుంది, వెంటనే దుమ్ము లేపుకుంటూ ఈదురుగాలి వచ్చిపడుతుంది. సంక్రాంతి పతంగి దారం తెగితే పోయేది పతంగే. మనిషిని నేలమీద ఈడ్చుకుపోయే ట్రాక్షన్ కైట్ సంగతి వేరు. 1826లోనే ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అనే ఉపాధ్యాయుడు గాలిపటాలు లాగే బండికి పేటెంట్ తీసుకున్నాడు. గుర్రాలు లేకుండానే ఆ బండి మనుషులతో రోడ్డుమీద పరుగెత్తింది. అంత బలమున్న దాన్ని కంగారుగా దించితే దెబ్బలు తగులుతాయి, దారాలూ చిక్కుపడతాయి. చిక్కు చుట్టేటప్పుడు పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు అది దించేటప్పుడే, పిడులను నేలమీద పడేసిన క్షణంలోనే మొదలవుతుంది.

కాబట్టి మొదటి జాగ్రత్త, పెందలాడే దించడం. కల్లాల్లో రైతులు మిర్చిమీద టార్పాలిన్లు కప్పుతుంటే ఇంకో పది నిమిషాలు ఎగరేద్దామని ఆశపడకండి. చల్లటి గాలి ఒక్కసారిగా మొహానికి తగిలినా, ఉరుము వినిపించినా అంతే. పిడుగులు దగ్గర్లో పడుతున్నాయేమో చూపించే దామిని యాప్ ఫోన్‌లో ఉంచుకోవడం మంచిది. చివరి ఉరుము వినిపించాక అరగంట గడిచేదాకా మళ్లీ మైదానంలోకి వెళ్లకండి.

ఇక్కడ చెప్పేదంతా నాలుగు దారాలు, రెండు పిడులు ఉన్న గుడ్డ గాలిపటం గురించి. పై దారాలు రెండూ బలాన్ని మోస్తాయి, కింది రెండూ బ్రేకులు. సాధారణంగా ఇవి 20 నుంచి 25 మీటర్ల డైనీమా (చాలా బలమైన ప్లాస్టిక్ పోగు) దారాలు. సన్నగా కనిపించినా మనిషి బరువును మించి మోస్తాయి, కానీ వేడికి ఓర్చుకోలేవు. 150 డిగ్రీల దగ్గర కరిగిపోతాయి. గాలి లాగుతున్నప్పుడు వాటిని ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది. ఎంత తొందరగా ఉన్నా ఆ పని చేయకండి.

దించే ముందు, గాలిలో కుడివైపు ఎన్ని చుట్లు తిప్పారో అన్నీ ఎడమవైపు తిప్పి దారాల మెలిక విప్పండి. తర్వాత రెండు బ్రేకులనూ సమంగా లాగితే గాలిపటం వెనక్కి జరుగుతూ తోక అంచుమీద, అంటే వెనక అంచుమీద దిగుతుంది. ఎగరేయక ముందే నేలలో ఒక గూటం పాతి ఉంచాలి. దిగిన వెంటనే బ్రేకు దారాలను దానికి తగిలిస్తే గాలిపటం మళ్లీ గాలి నింపుకోలేదు. గాలి బలంగా ఉండి పట్టు దొరకకపోతే పిడులు వదిలేయండి, బ్రేకు దారాలకు కలిపి మణికట్టుకు కట్టుకునే పట్టీలు బ్రేకులను లాగి దాన్ని చచ్చుబడేలా చేస్తాయి. అందుకే పట్టీలు లేకుండా ఎగరేయడం నాకు అసలు ఇష్టం లేదు.

ఇప్పుడు దారాలకు పక్కగా నడుస్తూ గాలిపటం దగ్గరికి వెళ్లండి, వాటిని దాటవద్దు, తొక్కవద్దు. తోక అంచుమీద మట్టి పోసో ఇసుక సంచి పెట్టో, తిరిగొచ్చి గూటం నుంచి బ్రేకులు తీసి, రెండు పిడులనూ పక్కపక్కన కలిపి పట్టుకోండి. నాలుగు దారాలనూ కలిపి పిడుల మీద ఎనిమిది అంకె ఆకారంలో చుడుతూ గాలిపటం వైపు నడవాలి. గుండ్రంగా చుడితే ప్రతి చుట్టుకూ దారంలో ఒక మెలిక చేరుతుంది. ఎనిమిదిలో ఒక సగం వేసిన మెలికను మరో సగం విప్పేస్తుంది. దారం వదులు కాకుండా, అలాగని బిగించకుండా చుట్టండి. మీటరు దారం మిగలగానే ఆపి రబ్బరు బ్యాండు వేయండి. గాలిపటం నుంచి దారాలను మాత్రం విప్పకండి. విప్పితే ఏది ఎక్కడిదో వెతుక్కోవడం మళ్లీ మొదటికొస్తుంది.

గుడ్డ మడిచే ముందు పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఏరేయండి. మన నేలల్లో ఇవి లేని మైదానం అరుదు, లోపల ఒక్కటి మిగిలినా మడతలన్నిటినీ చీల్చుతుంది. రెండు పక్కలనూ మధ్యకు మడిచి, చుట్టిన పిడులను అందులో పెట్టి, తోక అంచు నుంచి ముందు అంచు వైపు చుట్టండి. లోపలి గాలి ముందున్న రంధ్రాల గుండా పోతుంది.

ఇంత చేసినా చిక్కుపడితే కత్తెర జోలికి పోవద్దు, ఏ కొసనూ పట్టి లాగవద్దు. లాగితే వదులుగా ఉన్న మెలిక ముడై బిగుస్తుంది. గాలిపటం వైపు నుంచి మొదలుపెట్టి ఉండను వేళ్లతో బయటకు వెడల్పు చేస్తూ పోండి. చాలాసార్లు ఒక పిడి దారాల మధ్యలోంచి దూరి ఉంటుంది, అది బయటికొస్తే మిగతాది దానంతట అదే విడిపోతుంది.

కరెంటు తీగల దగ్గర ఎగరేయకండి. ఒకవేళ తీగలకు తగులుకుంటే కర్రతో లాగే ప్రయత్నం వద్దు, దూరం జరిగి 1912కి ఫోన్ చేయండి.

వానాకాలానికి దాచేటప్పుడు తడి లేకుండా చూడండి, తడి గుడ్డకు బూజు పడుతుంది. ఎండలో ఆరేస్తే గుడ్డ బలం తగ్గుతుంది, నీడలో ఆరేయండి. తర్వాత ఎలుకలు చేరని డబ్బాలో, ఎండ తగలని చోట పెట్టండి.