విదేశానికి వెళ్లేముందు హనుమకొండలో ఇల్లు అమ్మాలంటే

వీసా వచ్చేదాకా ఆగకుండా, ప్రయాణం ఆలోచన రాగానే ఇంటి కాగితాలు బయటికి తీయండి. లింకు దస్తావేజులు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారినప్పటి పత్రాలు), ఈసీ (ఇంటిపై ఉన్న తాకట్టులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం), మున్సిపల్ అనుమతి, ఇంటి పన్ను రసీదులలో పేరు, ఇంటి నంబరు, గజాలు ఒకేలా ఉన్నాయో లేదో చూడాలి. పన్ను ఇంకా తాతగారి పేరునే వస్తుంటే కొనేవారి బ్యాంకు లోను అక్కడే ఆగిపోతుంది. మా బేరం ఇలాగే నెలల తరబడి నిలిచిపోయింది కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పటికీ అమ్మకం కాకపోతే, బయలుదేరే ముందే నమ్మకమైన బంధువు పేర ఈ ఒక్క ఇంటికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీని (మీ బదులు అమ్మే అధికారమిచ్చే పత్రాన్ని) సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రాయించండి.

నివాసిగా అమ్మితే 50 లక్షలు, ఆపై ధరకు కొనేవారు 1 శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే మినహాయించి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. ఎన్నారై అయ్యాక అంతకన్నా చాలా ఎక్కువ పట్టుకోవాల్సి ఉంటుంది కాబట్టి, టీడీఎస్ తక్కువగా పట్టుకునేలా ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ధ్రువపత్రానికి ముందుగానే దరఖాస్తు చేసుకోండి.