ఇంట్లో స్పీకర్ రిపేరు, 4వ పాఠం: ట్వీటర్ మార్చినా మళ్లీ మళ్లీ పోతా ఉంటే

ఈసారి ఆంప్లిఫయర్ విప్పుదాం అనుకున్నా గానీ కుదర్లేదు. పోయిన పాఠంలో ట్వీటర్ (బాక్సులో సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్) బతికుందో లేదో మీటర్ పెట్టి చూసుకోమన్నా, దానికొచ్చే ఒక వైరు ఊడదీసి చూడమని కూడా రాశా, ఆ ముక్క ఎవురూ చదివినట్టు లేదు. కావలి నుంచి ఒకాయన ఫోన్ చేసి "అన్నా, 6 ఓమ్స్ చూపిస్తా ఉంది, ట్వీటర్ బాగుంది, సౌండే రావట్లా" అంటాడు. కందుకూరు కుర్రాడేమో "0.4 వచ్చిందన్నా, షార్ట్ అయింది" అని మంచి ట్వీటర్‌ని పాతసామాన్లోడికి వేసేశాడు. ముందు ఈ సంగతి తేల్చుకుందాం.

మీటర్‌ని ఓమ్స్‌లో పెడితే అది పంపేది డీసీ, అంటే బ్యాటరీ లాగా ఒకే దిక్కున పోయే కరెంటు. ట్వీటర్‌కి పోయే దారిలో సీరీస్‌లో (వరసగా) కెపాసిటర్ ఉంటది, అది డీసీని పోనియ్యదు. అంటే బాక్సు వెనకాల ఎర్ర నల్ల టెర్మినల్స్ మీద ప్రోబులు పెడితే మీకు కనపడేది వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) కాయిల్, ట్వీటర్ కాలి బూడిదైనా సరే అదే 6 చూపిస్తది, కావలాయన చేసింది ఇదే. సరేనని బాక్సు విప్పి ట్వీటర్ ట్యాగుల (వైర్లు అతికే రేకుల) మీదే పెట్టారనుకోండి, క్రాసోవర్‌లో (బేస్‌నీ ట్రెబుల్‌నీ వేరు చేసి పంపే చిన్న బోర్డులో) ట్వీటర్‌కి పారలల్‌గా, అంటే దాని రెండు ట్యాగులకీ అడ్డంగా, రాగితీగ కాయిల్ ఉంటే దాని రెసిస్టెన్స్ అర ఓమ్ అటూఇటూ, మీటర్ దాన్నే చూపిస్తది, కందుకూరు కుర్రాడి షార్ట్ అదీ. ఇంకొన్ని బాక్సుల్లో ట్రెబుల్ తగ్గించను 10 ఓమ్స్ తెల్ల సిమెంటు రెసిస్టర్ ట్వీటర్‌కి పారలల్‌గా వేసుంటారు, అప్పుడు పోయిన ట్వీటర్ 10 చూపిస్తది, 6 చూపించాల్సిన మంచిదేమో 3.75 చూపిస్తది. పోయింది బాగున్నట్టు, బాగున్నది పోయినట్టు! ట్వీటర్ ట్యాగు నుంచి ఒక్క వైరు ఊడదీస్తే ఈ గోలంతా ఉండదు, రెండూ తియ్యక్కర్లా, ఒక్కటే. అప్పుడు 8 ఓమ్స్ ట్వీటర్ అయితే సుమారు 5.5 నుంచి 7 మధ్య, 4 ఓమ్స్‌ది అయితే 3 నుంచి 3.7 దాకా రావాలి. ఏమీ కదలకపోతే కాయిల్ తెగింది. ముందు ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించి ఎంతొచ్చిందో చూసి ఆ అంకెని ట్వీటర్ చూపించిన దాంట్లోంచి తీసేయండి, చవక మీటర్లలో ఆ వైర్లదే అర ఓమ్ దాకా ఉంటది. నేనైతే మీటర్ కూడా తియ్యను, ఒక వైరు ఊడదీసి పెన్సిల్ సెల్లు ఒక్క క్షణం అట్టా తాకిస్తా, టిక్ మంటే ఉన్నట్టే.

ఇంక అసలు విషయం. పోయిన ట్వీటర్‌ని పారెయ్యకుండా నాలుగు స్క్రూలు తీసి డోమ్ (ముందుండే గుండ్రటి పొర) ఎత్తి చూడండి. కింద ఉండే కాయిల్ నల్లబడి, వార్నిష్ పొంగి, కాలిన వాసన వస్తా ఉంటే అది వేడికి పోయింది. కాయిల్ ఎర్రగా శుభ్రంగా ఉండి, బయటికొచ్చే వెంట్రుక లాంటి తీగ డోమ్ అంచు దగ్గర పుటుక్కుమని తెగుంటే అది ఎక్కువగా ఊగి పోయింది, అంటే రాకూడని బేస్ దాంట్లోకి వచ్చిందన్నమాట. ఇది చూడకుండా కొత్తది బిగించడం జొరమొచ్చినోడికి దుప్పటి మార్చడమే.

ఊగి పోతే కెపాసిటర్ చూడండి. ట్రెబుల్ బాగా రావాలని 2.2 మైక్రోఫారడ్ తీసి 4.7 వేసేసే మెకానిక్కులు ఉన్నారు. 8 ఓమ్స్ ట్వీటర్ ముందర 2.2 అయితే సుమారు 9000 హెర్ట్జ్ నుంచి పైది పోతది, 4.7 వేస్తే 4200 నుంచే మొదలవుద్ది, మొదట నాలుగు రోజులు బ్రహ్మాండంగా ఉంటది, తర్వాత మీకు తెలుసు. కెపాసిటర్ షార్టయినా ఇదే కథ. పోలారిటీ (ప్లస్ మైనస్) గుర్తున్న మామూలు ఎలక్ట్రోలైటిక్ అక్కడ వెయ్యొద్దు, నాన్‌పోలార్ కావాలి. నాకైతే ఫిల్మ్ కెపాసిటరే ఇష్టం, కాస్త లావుగా ఉన్నా పర్లా.

వేడికి పోతే మాత్రం అందరూ ఒకటే మాట, "ఆంప్లిఫయర్ వాట్స్ ఎక్కువైంది". అబ్బే, చాలాసార్లు తక్కువై పోతది. బాక్సు మీద 100 వాట్స్ అని రాసున్నా దాంట్లో ట్వీటర్ అదేపనిగా తట్టుకునేది కొద్ది వాట్సే. చిన్న ఆంప్లిఫయర్‌ని గట్టిగా తిప్పితే బేస్ శిఖరాలు తెగిపోయి అక్కడే ఆగుతాయి, ట్రెబుల్ మాత్రం పెరుగుతానే ఉంటది, ఆ భారమంతా సన్న కాయిల్ మీద పడుద్ది. పైగా ట్రెబుల్ నాబ్ 10 డెసిబెల్స్ పెంచారంటే ట్వీటర్‌కి పది రెట్లు పవర్ పోతా ఉన్నట్టు. అల్లూరు, విడవలూరు వైపు ఇంకోటి ఉంది, రొయ్యల గుంటల ఏరేటర్లు ఆడేటప్పుడు లైన్‌లో వోల్టేజ్ 230 నుంచి 180కి పడిందనుకోండి, మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్లిఫయర్ ఇవ్వగలిగిన పవర్ సుమారు 60 శాతానికి దిగుద్ది, మనం వాల్యూమ్ మాత్రం రోజూ పెట్టే చోటే పెడతాం. సాయంత్రం ఒకసారి ప్లగ్గు దగ్గర వోల్టేజ్ చూసుకోండి.

ఆంప్లిఫయర్ చెడి డీసీ వచ్చిందేమో అంటారు కొందరు. కెపాసిటర్ బాగుంటే ఆ డీసీ ట్వీటర్ దాకా రాదు, ముందు పోయేది వూఫర్. వూఫర్ బాగుండి ట్వీటరే పోతా ఉంటే డీసీ గురించి మర్చిపోండి.

ఈసారి పని కొంచెం ఎక్కువే. కొత్త ట్వీటర్ బిగించక ముందు, పోయినదాని కాయిల్ నలుపో ఎరుపో, కెపాసిటర్ మీద ఎంత రాసుందో, వైరు ఊడదీసినప్పుడు పక్క బాక్సు మంచి ట్వీటర్ ఎంత చూపించిందో, సాయంత్రం వోల్టేజ్ ఎంతో, నాలుగూ కాగితం మీద రాసి బాక్సు వెనక అంటించండి. బిగించాక ఎప్పుడూ ఒక పక్కదే పోతా ఉంటే ఆంప్లిఫయర్ దగ్గర కుడి ఎడమ వైర్లు మార్చి పెట్టండి. ఈసారి రెండో బాక్సుది పోతే తప్పు ఆంప్లిఫయర్‌ది, మళ్లీ అదే బాక్సుది పోతే క్రాసోవర్‌ది. ఇంకొకటి, వాల్యూమ్ సున్నాలో పెట్టి అరగంట తర్వాత ట్వీటర్ వెనక మ్యాగ్నెట్ పట్టుకోండి. పాట లేకుండానే వెచ్చగా ఉంటే ఆంప్లిఫయర్ చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో కొట్టుకుంటా ఉంది, వెంటనే ఆపేయండి, మామూలు మీటర్‌కి అది దొరకదు. అవుట్‌పుట్ దగ్గర ఉండే 10 ఓమ్స్ రెసిస్టర్ మాడిందేమో వచ్చే పాఠంలో విప్పి చూద్దాం.