నవ్వు తెప్పించే వాక్యంతో ఇంగ్లీషు పదం నేర్చుకోవడం

ఇంగ్లీషు పదాలకు ఎదురుగా తెలుగు అర్థాలు రాసుకుని బట్టీ పట్టేవారికి వారం తిరిగేసరికి వాటిలో చాలా భాగం గుర్తుండదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రచురించిన పరిశోధన ఇందుకు కారణాన్ని సూచిస్తుంది. అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి చూసుకున్న ఆయనకు, ఇంగ్లీషు కవి బైరన్ వ్యంగ్య కావ్యం ‘డాన్ జువాన్’లోని పద్యాలను నేర్చుకోవడానికి అందులో దాదాపు పదో వంతు శ్రమే సరిపోయింది.

కాబట్టి ముందుగా సందర్భం ఉన్న పాఠాన్ని ఎంచుకోవాలి. నూటికి 98 పదాలు ముందే తెలిసి ఉంటేనే మిగిలినవాటిని సందర్భాన్ని బట్టి ఊహించగలమని పదసంపదపై పరిశోధించిన పాల్ నేషన్ వంటి భాషావేత్తలు చెబుతారు. పంక్తికో కొత్త పదం తగులుతుంటే మొహమాటపడకుండా ఆ పుస్తకం పక్కన పెట్టి, పిల్లల కథల పుస్తకమో, బొమ్మల హాస్య కథల పుస్తకమో అందుకోవడం మేలు.

కొత్త పదం ఎదురైన వెంటనే నిఘంటువు తెరవకూడదు. ‘మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఫ్రూగల్, బట్ మై అంకుల్ స్పెండ్స్ లైక్ ఎ కింగ్’ అన్న వాక్యంలో ‘బట్’ ఉంది గనుక, రాజులా ఖర్చు పెట్టే బాబాయికి తాతగారు పూర్తిగా భిన్నమని తేలుతుంది. ఇక్కడ చాలామంది ‘పిసినారి’ అని ఊహిస్తారు. అప్పుడు నిఘంటువు చూస్తే ‘ఫ్రూగల్’ అంటే పొదుపరి అనీ, పిసినారికి ‘స్టింజీ’ అనే వేరే మాట ఉందనీ తెలుస్తుంది. ఊహ కొంచెం తప్పినా నష్టం లేదు, సరిదిద్దుకున్న అర్థం గట్టిగా నిలుస్తుంది.

హాస్యం పని ఇక్కడే మొదలవుతుంది. ఒకసారి కాచిన టీపొడినే మళ్లీ మరిగించి తాను తాగేవాడు ఫ్రూగల్. దాన్నే ఇంటికొచ్చిన వియ్యంకుడికి పోసేవాడు స్టింజీ. ఇలాంటి వాక్యాన్ని ఎవరికి వారే, తమ ఇంటి మనుషులతో అల్లుకోవాలి. అయితే నవ్వు పదం అర్థం మీద ఆధారపడి ఉండాలి. కేవలం శబ్దం పోలికతో తెలుగు మాటను ముడిపెట్టే చిట్కాలు పరీక్ష ముందు రోజుకు పనికొస్తాయేమో గానీ, పదాన్ని ఎక్కడ వాడాలో నేర్పవు.

రెండర్థాల ఛలోక్తులు మరింత ఉపయోగకరం. గురుత్వాకర్షణను ఎదిరించే శక్తి గురించిన పుస్తకాన్ని ‘పుట్ డౌన్’ చేయలేకపోతున్నానని ఇంగ్లీషులో ఒక పాత జోకు ఉంది. కింద పెట్టడం, చదవడం ఆపడం అనే రెండు అర్థాలూ తెలిసినవారికే అది నవ్వు తెప్పిస్తుంది గనుక, నవ్వు రాకపోతే ఏ అర్థం తెలియలేదో అక్కడే వెతుక్కోవచ్చు.

నోటుపుస్తకంలో పదాన్ని విడిగా కాక వాక్యం మొత్తాన్నీ రాసి, కొత్త పదం ఉన్నచోట ఖాళీ వదిలి, జవాబును వెనక పేజీలో రాయాలి. మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి జవాబు చూడకుండా ఆ ఖాళీని పూరించాలి. రెండుసార్లు వరసగా తప్పితే అదే వాక్యాన్ని వల్లె వేయకుండా, ఆ పదానికి మరో కొత్త సందర్భం, వీలైతే ఇంకాస్త కొంటెది, రాసుకోవాలి.