పికప్‌కు కొత్త ప్యాడ్లు వేశాక బ్రేక్ తేడాగా ఉందా? లోపం ఎక్కడుందో ఇలా కనిపెట్టండి

రాయచోటి నుంచి టమోటా లోడుతో వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తగా తగిలిందంటే ఒళ్లంతా చెమటలే. ప్యాడ్లు మొన్ననే మార్చాం కదా అన్న ధైర్యం ఆ మలుపుల్లో పనికిరాదు. కాబట్టి తేడా ఏమైనా ఉంటే కడపలోనే, ఇంటి దగ్గరే, ఖాళీ బండితోనే తేల్చుకోవాలి.

కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే తేడా వస్తే చాలామంది ప్యాడ్లనే తిడతారు, ఇంకో సెట్ కొనుక్కొస్తారు. నేను మాత్రం ముందు నిన్న చెయ్యి పెట్టిన చోటునే అనుమానిస్తాను. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉండే మామూలు పికప్‌ను దృష్టిలో పెట్టుకుని ఇది చెబుతున్నాను.

మొదట బండిని కదలకుండా నిలపండి

చదునైన గట్టి నేల మీద పెట్టి, కింద ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు ఉండాల్సిందే. బ్రేక్ దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడవండి.

ఇంజిన్ ఆపి పెడల్ తొక్కి చూడండి

కొత్త ప్యాడ్లు పట్టడానికి క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పిస్టన్‌ను లోపలికి నొక్కుతాం. అది మళ్లీ బయటికొచ్చి ప్యాడ్‌ను తాకేదాకా మొదటి నాలుగైదు తొక్కుళ్లకు పెడల్ నేలకు పోతుంది. అది లోపం కాదు. కానీ ఆ నాలుగు తొక్కుళ్లు తొక్కకుండా బండి కదిలిస్తే ప్రమాదం. మొదటిసారి ప్యాడ్లు మార్చినప్పుడు నేనూ మా బావమరిదీ ఆ పని మరిచిపోయాం. రివర్స్‌లో తీసిన బండి హ్యాండ్ బ్రేక్ లాగేసరికి గోడకు జానెడు దూరంలో ఆగింది.

ఆ తర్వాత కూడా పెడల్ సరిగా లేకపోతే ఎలా ఉందో కాలితోనే గమనించండి.

స్పాంజి తొక్కినట్టు మెత్తగా ఉండి, గబగబా తొక్కితే కాస్త పైకొస్తే లైనులో ఎయిర్ పట్టినట్టే. నిపుల్ (చక్రం దగ్గర గాలి బయటికి తీసే చిన్న స్క్రూ) విప్పినా, బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ అడుగంటినా ఇలా అవుతుంది. పెడల్ మెత్తగా లేదు, కానీ చాలా కిందికి పోయాకే పట్టుకుంటోంది, హ్యాండ్ బ్రేక్ లివర్ కూడా బాగా పైకి లేస్తోంది అంటే వెనక డ్రమ్ముల్లో షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపేవి) లూజుగా ఉన్నాయి. ముందు ప్యాడ్లు మార్చిన రోజు వెనక వైపు ఎవరూ చూడరు, తిట్లు మాత్రం కొత్త ప్యాడ్లకు.

సమానంగా నొక్కి పట్టుకున్నా పెడల్ మెల్లగా దిగిపోతోందా? చక్రాల లోపలి వైపు, పైపుల జాయింట్ల దగ్గర తడి ఉందేమో చూడండి. ఎక్కడా తడి లేదు, డబ్బాలో ఆయిల్ తగ్గడం లేదు అంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసేది) లోపలి సీలు పోయి ఉంటుంది. రెండింటిలో ఏదైనా సరే, ఆ బండిని రోడ్డెక్కించొద్దు.

పెడల్ రాయిలా గట్టిగా ఉంటే బూస్టర్‌ను (ఇంజిన్ నడుస్తుండగా కాలి బలానికి సాయపడేది) పరీక్షించండి. ఇంజిన్ ఆపి ఐదారుసార్లు తొక్కి, కాలు అలాగే పెట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి జారితే బూస్టర్ పనిచేస్తోంది. జారకపోతే వాక్యూమ్ గొట్టం ఊడిందా, చీలిందా చూడండి. గొట్టం బాగుంటే అనుమానం వాక్యూమ్ పంపు మీదికో బూస్టర్ మీదికో పోతుంది.

ఎయిర్ తీయాల్సి వస్తే

ఇద్దరు కావాలి. నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొస కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే రెండోవారు నిపుల్ తెరవాలి. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. ఈ వరుస తప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. బుడగలు ఆగేదాకా చేస్తూ, డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండండి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. మన బండ్లలో అది వెనక ఎడమది.

కొన్ని పికప్‌లకు వెనక యాక్సిల్ దగ్గర లోడును బట్టి బ్రేక్ ఒత్తిడి మార్చే వాల్వ్ ఉంటుంది. చాసిస్ లేపి యాక్సిల్‌ను వేలాడదీస్తే అది ఆయిల్ దారిని తగ్గించేస్తుంది. అందుకే యాక్సిల్ మీద బరువు ఉండగానే ఎయిర్ తీయాలి. క్యాలిపర్లు పూర్తిగా విప్పి ఉంటే ఇంకో సంగతి: నిపుల్ పైవైపే ఉండాలి. కిందికి ఉంటే కుడి ఎడమ క్యాలిపర్లు తారుమారైనట్టే, ఎంత తొక్కినా గాలి పోదు.

బ్రేక్ ఆయిల్ రకం డాట్ 3, డాట్ 4లలో ఏదో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ చుక్క కూడా కలవకూడదు, రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. ఎప్పుడో మూత తీసి పెట్టిన సీసా వద్దు, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

పెడల్ బాగుంటే ఖాళీ రోడ్డు మీదికి

పొద్దున్నే చూడండి. మే నెల ఎండలో నిలబెట్టిన బండికి నాలుగు చక్రాలూ కాలుతూనే ఉంటాయి, ఏమీ తెలియదు. ఐదారు కిలోమీటర్లు బ్రేక్ తక్కువ వాడుతూ నడిపి ఆపి, రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టండి, తాకొద్దు. ఒక ముందు చక్రం రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టేసి ఉంది. ఆ చక్రం లేపి, చేత్తో తిరగకపోతే నిపుల్ కొంచెం తెరవండి. వెంటనే వదులైతే ఆయిల్ వెనక్కి రాకుండా ఆగుతోంది, చాలాసార్లు లోపల ఉబ్బిన రబ్బరు హోస్ పైపు వల్లే. ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్‌ను ఆ పైపుకే వేలాడదీసి ఉంటే అనుమానం ఇంకా పెరుగుతుంది. నిపుల్ తెరిచినా వదలకపోతే పిస్టనో, గ్రీజు ఎండిపోయిన స్లైడ్ పిన్నో (క్యాలిపర్ దాని మీదే జరుగుతుంది) ఇరుక్కుంది. తెరిచిన నిపుల్ బిగించి, ఎయిర్ తీయడం మరవొద్దు.

బ్రేక్ వేస్తే బండి ఎడమకు లాగుతుంటే ముందు టైర్లలో గాలి చూడండి. అది సమానంగా ఉంటే ఎడమ చక్రం ఎక్కువ పట్టుకుంటోందని మాత్రమే అనుకోకండి, కుడిది పనిచేయకపోయినా లాగేది ఎడమకే. కుడి ప్యాడ్‌కు గ్రీజు మరక అంటిందేమో విప్పి చూడాలి.

కీచుమనే శబ్దం కొత్తలో కొంత మామూలే. అది తగ్గకపోతే షిమ్ములు (ప్యాడ్ వెనక పెట్టే పలచటి రేకులు), క్లిప్పులు మళ్లీ పెట్టారో లేదో చూసుకోండి. ఇనుము ఇనుముతో గీసుకుంటున్నట్టు గరగర వస్తే మాత్రం అక్కడే ఆపేయండి. ప్యాడ్‌ను తిరగేసి, రేకు డిస్క్ వైపు పెట్టేవాళ్లు నిజంగానే ఉన్నారు. పెడల్ కొట్టుకుంటుంటే హబ్ మీది తుప్పు గీకి, నట్లు ఎదురెదురుగా సమంగా బిగించండి. డిస్క్ మందం దాని మీద అచ్చుకొట్టిన కనీస కొలత కంటే తగ్గితే మార్చాల్సిందే.

ఏ తేడా లేకపోయినా కొత్త ప్యాడ్లు డిస్క్‌తో కుదురుకోవాలి. వెనక బండ్లు లేనప్పుడు 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు ఎనిమిది పదిసార్లు మెల్లగా తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు, మధ్యలో చల్లారనివ్వండి. ఆ తర్వాతే ఘాట్. అక్కడ తక్కువ గేరులో దిగాలి. డీజిల్ ఆదా అని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో జారవిడిస్తే బూస్టర్ సాయం రెండు మూడు తొక్కుళ్లతో అయిపోతుంది.

ఇవన్నీ చూసినా తేలకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లి "బ్రేక్ బాగాలేదన్నా" అని ఊరుకోకండి. "నొక్కి పట్టుకుంటే పెడల్ దిగుతోంది, డబ్బాలో ఆయిల్ తగ్గడం లేదు, బయట తడి లేదు" అని చెప్పండి. అతను చక్రాలు విప్పకుండా నేరుగా మాస్టర్ సిలిండర్ దగ్గరికే పోతాడు.